మూతకు కూడ పేటెంటా?

1974లో మా చిన్నక్క పెండ్లి తెనాలి చెంతనున్న మా పల్లెలో, ఇంటిముందు వేసిన తాటాకు పందిటిలో జరిగినది. బొంబాయిలో ఉద్యోగము చేయుచుండిన మా మేనమామ ఆ పెండ్లికి రెండు వస్తువులు తెచ్చెను: పెండ్లికూతురికి పట్టుచీర యొకటి, ఎవరి చేతికిని ఈయక తన మెడలోనే వ్రేలవేసికొని తిరిగిన చిన్న కెమెరా యొకటి. జీలకఱ్ఱ బెల్లము మొదలుకొని మాంగల్యధారణము వరకు ఆయన వంగియు, మోకరిల్లియు, పురోహితుని భుజముమీదుగా తొంగిచూచియు పదకొండు ఫోటోలు తీసెను. పండ్రెండవదానికి కన్ను చేర్చుచుండగా, మేళగాండ్ర ప్రక్కన నిలుచున్న స్టూడియో కుఱ్ఱవాడు "బాబాయిగారూ, మూత తీయలేదండీ" అని, ఆయనకు మాత్రమే వినబడవలెనని తలచి, పందిరి యెల్ల వినబడునట్లు చెప్పెను. ఆయన మాఱుమాటాడక మూత తీసి తలంబ్రాల పళ్ళెము ప్రక్కన పెట్టెను. సాయంకాలము పందిరి ఊడ్చినప్పుడు ఆ మూత తలంబ్రాల బియ్యముతోపాటు ఎటో పోయెను. రీలు కడిగించి చూడగా మొదటి పదకొండు గళ్ళును కడిగిన గాజుపలకవలె వట్టివిగా నుండెను. "అన్నీ ఉన్నాయి, అల్లుడి నోట్లో శని ఉంది" అని మా అమ్మమ్మ కొత్త అల్లుని యెదుటనే నోరు జాఱుట మా యింట చాలకాలము నవ్వులకు కారణమైనది.

ఆ నవ్వులలో అందఱును మఱచిన సంగతి యొకటి కలదు. ఆ నష్టమునకు మా మామయ్య పరధ్యానము సగము కారణమైనచో, తక్కిన సగము ఆ కెమెరా నిర్మాణములోనే యున్నది. ఖరీదైన ఎస్.ఎల్.ఆర్. కెమెరాలలో చూచు చూపును, తీయు చిత్రమును ఒకే కటకము గుండ వచ్చును గనుక, మూత యున్నచో కన్ను పెట్టినంతనే చీకటి కనబడి పొరపాటు అక్కడనే బయటపడును. చిన్న కెమెరాలో అట్లు కాదు. చూచుటకు పైన నొక కిటికీ, తీయుటకు క్రింద నొక కటకము. కటకము కన్ను మూసికొని యున్నను కిటికీ మాత్రము పెండ్లికొడుకును, పెండ్లికూతురిని, తాళిబొట్టును చక్కగా చూపుచునే యుండును. మీట నొక్కిన టిక్కుమను చప్పుడు కూడ యథావిధిగా వినబడును. కావున చిన్న కెమెరాకు తగిలించి తీయు మూతకు జాడ్యములు రెండు: తీయుట మఱచుట యొకటి, తీసిన పిదప పోగొట్టుకొనుట యొకటి. ఒక్క పెండ్లిలోనే రెండింటిని మా మామయ్య నిరూపించెను.

ఇప్పుడొక దరఖాస్తును ఊహింతము. "కెమెరా పెట్టె, దాని ముందు కటకము, ఆ కటకమును దుమ్మునుండి కాపాడుటకై తగిలించి తీయదగిన మూత - ఇవి గల చిన్న కెమెరా" అని యొకడు పేటెంటు కార్యాలయమునకు వ్రాసికొనెననుకొందము. మన రెండు తెలుగు రాష్ట్రములవారి దరఖాస్తులు చెన్నపట్టణపు కార్యాలయమునకు పోవును. ఈ వార్త పత్రికలో చదివిన పెద్దమనుష్యుడు "మూతకు కూడ పేటెంటా?" అని నవ్వి పుట త్రిప్పును. నవ్వుటకు ఆయనకు హక్కు కలదు; పరీక్షాధికారికి లేదు. ఆ యధికారి దరఖాస్తులోని క్లెయిమును, అనగా ఇది నా కల్పన యని కోరు వాక్యమును, ముక్కముక్కలుగా విడదీసి, ఒక్కొక్క ముక్కకు పూర్వమే లోకమున జోడు కలదా యని పాత పేటెంట్లలోను, పుస్తకములలోను, అంగళ్ళలో అమ్మిన సరకులోను వెదకి, దొరకినదానిని తేదీతో సహా చూపవలెను. "ఇది అందఱికిని తెలిసినదే" యను వాక్యము రచ్చబండమీద చెల్లును గాని పరీక్షా నివేదికలో చెల్లదు.

మన ఊహాదరఖాస్తు విషయమున ఆ వెదకులాట పొద్దెక్కకముందే ముగియును. 1912లో వచ్చిన కోడక్ వారి వెస్ట్ పాకెట్ కెమెరా మడిచినంతనే జేబులో పట్టెడు పెట్టె యగును. 1934లో జర్మనీలో పుట్టిన కోడక్ రెటీనాకు ముందు తలుపు మూసినచో కటకము లోపలనే భద్రము. వాల్టర్ జాప్ రూపొందింపగా 1938లో రీగా నగరమున తయారైన మినాక్స్ కెమెరా, చేతివేలంతటిది, లాగిన తెఱచుకొని, నెట్టిన తన కటకమును తానే కప్పుకొనును. ఇన్ని యుండగా కటకముమీద మూతయే నా కల్పన యనువాని మొదటి క్లెయిము నిలువదు. అధికారి తన తొలి పరీక్షా నివేదికలో ఆ మాట వ్రాయును. దరఖాస్తుదారుడు ఆఱు నెలలలోపల బదులు చెప్పుకొనవలెను.

అనుభవజ్ఞుడైన పేటెంటు ఏజెంటు ఈ మాట ముందే ఎఱిగి, మొదటి క్లెయిము వెనుక మఱి రెండు మూడు చిన్న క్లెయిములను దాచియుంచును. మూత ఊడిరాక పెట్టెమీదనే ప్రక్కకు జరుగునని రెండవది. మూత మూసియున్నంతవఱకు మీట పనిచేయదనియు, చూపు కిటికీ కూడ మూతతోనే మూసికొనుననియు మూడవది. అసలు పరీక్ష ఇక్కడనుండి ఆరంభమగును. మొదటి క్లెయిములో మూత మూత పని చేసినది, కెమెరా కెమెరా పని చేసినది, ఒకదానికొకటి మొగము చూచుకొనలేదు. మూడవదానిలో అవి రెండును మాటలాడుకొనుచున్నవి. మా మామయ్య చేతిలో అట్టి కెమెరా యున్నచో మొదటిసారి కన్ను పెట్టినప్పుడే కిటికీ నల్లబడి, మీట మొరాయించి, మూత సంగతి గుర్తుచేసియుండును. తలంబ్రాలలో పోవుటకు విడిమూత అసలే యుండెడిది కాదు.

ఇట్టి కెమెరాలలో ప్రసిద్ధమైనది మా అక్క పెండ్లి తరువాత అయిదేండ్లకు వచ్చెను. జపానులోని ఒలింపస్ సంస్థలో 1956లో చేరి, 1959లో ఒకే రీలులో రెట్టింపు చిత్రములు తీయు పెన్ కెమెరాను రూపొందించిన మైతానీ యొషిహిసా, 1979లో ఎక్స్ఏ అను కెమెరాను లోకమునకు ఇచ్చెను. కెమెరాకు తోలుసంచియు ఉండరాదు, విడిమూతయు ఉండరాదు, అంగీ జేబులో నుండవలెనని ఆయన పట్టుదల. 225 గ్రాముల ఆ పెట్టె ముందుభాగమున గుండ్రని అంచులు గల మూత యొకటి ప్రక్కకు జరుగును. జరిపిన కటకమును కిటికీయు తెఱచుకొని కెమెరా మేల్కొనును, మూసిన మీటకు తాళము పడును. బొటనవ్రేలి కదలిక యొక్కటే సంచి విప్పుట, మూత తీయుట, కెమెరా మేల్కొలుపుట యను మూడు పనులను ముగించినది. ఇది తెలిసినవానికి ఎంత తేలికగా తోచునో, అంతకుముందు దశాబ్దములపాటు ఎందఱో మూతలు పోగొట్టుకొనుచునే యుండిరను సంగతి అంత బరువుగా తోచవలెను. మన ఊహాదరఖాస్తు 1979కి తరువాతిదైనచో దాని మూడవ క్లెయిము కూడ ఎక్స్ఏ ముందర తలవంచవలసినదే. అంతకు ముందటిదైనచో, ఆ మూడవ క్లెయిమును చదివి తేలికపాటి నవ్వుతో త్రోసివేయుట అన్యాయమగును.

విడివిడి వస్తువులను ఒకచోట చేర్చుటకును, ఒకదానితో నొకటి పనిచేయునట్లు కూర్చుటకును గల ఈ భేదమునకు న్యాయస్థానములలో ప్రసిద్ధమైన వస్తువు కెమెరా కాదు, పెన్సిలు. ఫిలడెల్ఫియాలో కాగితముల వ్యాపారియైన హైమన్ లిప్‌మన్ 1858లో పెన్సిలు కొనకు రబ్బరు తగిలించి పేటెంటు పొందెను. దానిని జోసెఫ్ రెకెన్‌డార్ఫర్ అనువాడు లక్ష డాలర్లకు కొనెనని చెప్పుదురు. ఆయన పెన్సిళ్ళు చేయు ఫేబర్ సంస్థపై వేసిన దావాలో 1875లో అమెరికా సుప్రీంకోర్టు ఆ పేటెంటును కొట్టివేసినది. పెన్సిలు పూర్వము వ్రాసినట్లే వ్రాయుచున్నది, రబ్బరు పూర్వము చెఱిపినట్లే చెఱుపుచున్నది, కలిసినందువలన రెండింటినుండి క్రొత్త ఫలమేదియు పుట్టలేదని న్యాయమూర్తుల భావము. లక్ష డాలర్లు పోసినవాని గుండె ఏమైనదో న్యాయనివేదికలు వ్రాయవు.

మన 1970 నాటి పేటెంట్ల చట్టము మూడవ సెక్షనులోని 'ఎఫ్' అను ఖండము ఈ భావమునే శాసనముగా చేసినది: తెలిసిన పరికరములు దేనికవి తెలిసిన విధముననే పనిచేయుచుండగా, వాటిని ఊరక ప్రక్కప్రక్కన పేర్చుటయో, తిరుగవేసి పేర్చుటయో, రెట్టింపు చేయుటయో ఆవిష్కరణము కానేరదు. మూతయు కెమెరాయు దేనికవి యున్నప్పుడు ఈ ఖండము వానిని పట్టుకొనును. మూత మీటకు తాళమైనప్పుడు విడిచిపెట్టును. విడిచిపెట్టినంత మాత్రమున పని ముగియలేదు. ఆ వృత్తిలో చేయి తిరిగినవానికి అది సహజముగా తోచునదేనా యను రెండవ గడప మిగిలియే యున్నది.

ఆ రెండవ గడప ఎంత యెత్తుననుండవలెనో మన సుప్రీంకోర్టు నిర్ణయించినది కూడ మేఘమండలమునకు సంబంధించిన యంత్రము విషయమున కాదు, ఇంటి గిన్నెల విషయమున. మీర్జాపురములోని పాత్రల తయారీదారులకు నడుమ వచ్చిన తగవది. లేతుమీద త్రిప్పునప్పుడు గిన్నె పట్టు తప్పి యెగిరి పనివానిమీద పడుచుండుట పాత బాధ. దానిని అదిమిపట్టుటకు చేసిన ఏర్పాటునకు ఒక సంస్థ 1951లో పేటెంటు పొందినది. అలహాబాదు హైకోర్టులో ఏకన్యాయమూర్తి పేటెంటును రద్దు చేసిరి, ధర్మాసనము నిలిపినది, 1978 డిసెంబరులో సుప్రీంకోర్టు తిరిగి రద్దు చేసినది. న్యాయమూర్తి సర్కారియా తీర్పు సారాంశమేమనగా, పాత సాధనమునకు కొద్దిపాటి మార్పు చేసిన చాలదు, అది కార్ఖానాలో నేర్పరియైన పనివాడు సర్దుబాటుగా చేసికొను మేలుకంటె మించినదై యుండవలెను. ఈ తీర్పును నేను అంగీకరింతును. పనివారు రోజూ చేసికొను సర్దుబాట్లపై ఒకని పేరు వ్రాసి ఇరువదేండ్లు తక్కినవారి చేతులు కట్టివేసినచో, మీర్జాపురములోనే కాదు, మన విజయవాడ ఆటోనగరులో కూడ సుత్తి యెత్తుటకు వకీలును అడుగవలసి వచ్చును.

అయినను దీనికొక ప్రతివాదము కలదు. ఫలమును చేత పట్టుకొని వెనుకకు చూచినవానికి ప్రతి మార్గమును రాజమార్గముగనే కనబడును. 1941లో కారులోని సిగరెట్టు లైటరు విషయమున అమెరికా సుప్రీంకోర్టు, ఆవిష్కరణమన్నది ప్రతిభ మెఱుపువలె మెఱయవలెనను ధోరణిలో పలికినది. మెఱుపులను కొలుచు తక్కెడ ఏ కార్యాలయములోను లేదు గనుక, 1952లో ఆ దేశపు శాసనకర్తలు, కల్పన ఏ తీరున పుట్టినదను కారణమున దానిని త్రోసివేయరాదని చట్టములోనే వ్రాసిరి. ఓపికతో నూఱుసార్లు తప్పి నూట యొకటవసారి కుదిర్చినవానికి మెఱుపు వచ్చినవానికున్నంత హక్కును కలదు. మన ఆలేరు ప్రాంతమున చింతకింది మల్లేశము తన తల్లి లక్ష్మి భుజము నొప్పి చూడలేక చేసిన, నేతకు ముందు నూలును కొయ్యలపై వరుసగా చుట్టు ఆసు యంత్రమునే చూడుడు. కొయ్యలు, నూలు, మోటారు - వీనిలో లోకమెఱుగనిది ఏది? కాని పోచంపల్లి చీర ప్రతిదానికిని వేలమార్లు చేయి చాపి ముడుచు ఆ శ్రమను తప్పించుటకు, తరతరములుగా ఆసు పోసిన ఇండ్లలో ఎవరును వానిని ఆ విధముగా కూర్చలేదు. బాధ చిరకాలముగా నుండి, పరికరములు చిరకాలముగా నుండి, రెండింటిని కలిపినవాడు మాత్రము లేకపోయెనన్నచో, అది "అందఱికిని తోచునదే" యనువాడు తనకెందుకు తోచలేదో ముందు చెప్పవలెను. లెన్సు మూత విషయమున నేను పరీక్షాధికారులను కోరునది ఇంతే: వస్తువు చిన్నదా పెద్దదా యని చూడక, బాధ ఎంతకాలమునుండి యున్నదో, క్రొత్త కూర్పు ఆ బాధను తీర్చెనో లేదో చూడవలెను.

పరీక్షలో తొందర ఒక దోషమైన జాప్యము రెండవ దోషము. కెమెరా చరిత్రలోనే దీనికి చేదు దృష్టాంతము కలదు. అమెరికాలో న్యూఆర్క్ పట్టణపు క్రైస్తవ పురోహితుడు హానిబాల్ గుడ్విన్, గాజుపలకలకు మాఱు వంగెడి రీలు చేయు విధమును కనుగొని 1887 మే నెలలో దరఖాస్తు పెట్టెను. ఆక్షేపణలు, సవరణలు, మరల ఆక్షేపణలు - ఇట్లు పదునొకండేండ్లు గడచినవి. ఈలోగా 1889 డిసెంబరులో ఈస్ట్‌మన్ సంస్థలోని రసాయన శాస్త్రజ్ఞుడు రైకెన్‌బాకునకు అదే త్రోవలోని పేటెంటు మంజూరైనది. ఇంటింట కోడక్ రీళ్ళు చేరినవి. గుడ్విన్‌కు పేటెంటు 1898 సెప్టెంబరులో చేతికి వచ్చెను. 1900 డిసెంబరు ఆఖరు దినమున ఆయన మరణించెను. ఆ హక్కులను కొనినవారు కోడక్‌పై వేసిన వ్యాజ్యము 1914లో ముగిసి, యాబది లక్షల డాలర్లు చెల్లింపబడినవి. సొమ్ము వచ్చెను గాని చూచుటకు గుడ్విన్ లేడు.

పరీక్షాధికారి బల్ల నీరసులు కూర్చుండు చోటని తలచువారికి చిన్న మాట యొకటి. ఐన్‌స్టీను 1902 మొదలు 1909 వఱకు బెర్న్ నగరపు పేటెంటు కార్యాలయములో ఇతరుల దరఖాస్తులనే పరీక్షించెను. ఆయనయే, గుస్టావ్ బకీ అను వైద్యునితో కలిసి, వెలుతురును బట్టి తనంతట సర్దుకొను కెమెరాకు 1936లో అమెరికా పేటెంటు పొందెను. కటకము ముందర పారదర్శకత మాఱు తెరయొకటి విద్యుత్తుచే కదలుటయే దాని కీలకము. అదియు ఒక విధమైన మూతయే కదా!

మన దేశములో ఈ చిన్న కల్పనలకు వేఱు గుమ్మము లేదు. జపానులో 1905 నుండియు, జర్మనీలో 1891 నుండియు తక్కువ కాలపు రక్షణనిచ్చు చిన్న పేటెంటు చట్టములు కలవు. మన ప్రభుత్వము 2011లో చర్చాపత్రమును ప్రకటించినది గాని చట్టము రాలేదు. రావలెనని గట్టిగా కోరువారితో నేను ఏకీభవింపను. పరీక్ష లేకయే ముద్రవేసి ఇచ్చు హక్కుపత్రము, డబ్బున్నవాని చేతిలో చిన్న కొట్టువానిని బెదిరించు కఱ్ఱ యగును. మూత ఆకారమే క్రొత్తదైనచో దానికి 2000 నాటి డిజైన్ల చట్టము కలదు. పది యేండ్లు, కోరినచో మఱి అయిదేండ్లు రక్షణ దొరకును. పనితీరే క్రొత్తదైనచో అసలు గుమ్మముననే నిలిచి, అసలు పరీక్షకే తల ఒగ్గవలెను.

ఈ గుమ్మము పేరు చెప్పుకొని జరుగుచున్న చిన్న మోసమును కూడ ఇక్కడ చెప్పక తప్పదు. "మా కళాశాల అధ్యాపకునికి పేటెంటు" అను శీర్షికలు, సన్మానములు, శాలువలు మన జిల్లా పుటలలో విరివిగా కనబడుచున్నవి. దరఖాస్తు సాధారణముగా పదునెనిమిది నెలలకు ప్రచురింపబడును. రుసుము కట్టి ముందుగా కోరినచో నెలలోపలనే ప్రచురింపబడును. ప్రచురణమనగా ఇట్టివాడు ఇట్టిది కోరుచున్నాడని లోకమునకు చాటుట మాత్రమే. పరీక్ష అప్పటికి ఆరంభమే కాకపోవచ్చును. మన ఊహాదరఖాస్తులోని, మొదటి చూపుననే కూలిపోవు మూత క్లెయిము కూడ ప్రచురింపబడును. ఆ కాగితమును పటము కట్టి గోడకు వ్రేలవేసినచో అడ్డుపడువాడు లేడు. డిజైను నమోదుపత్రమునకు పేటెంటని పేరుపెట్టి పదోన్నతికి జతపఱచినను చాలచోట్ల అడుగువాడు లేడు. నిజముగా పరీక్షకు నిలిచి గెలిచినవాని విలువ ఈ రద్దీలో తగ్గిపోవుచున్నది.

కావున పత్రికల విలేఖరులకును, సన్మానసభల కార్యదర్శులకును నా మనవి యొక్కటే. ఎవరైనను పేటెంటు వచ్చెనని చెప్పినచో, శాలువ కొనకముందు, అది దరఖాస్తు సంఖ్యయా, మంజూరైన పేటెంటు సంఖ్యయా అని అడుగుడు. పేటెంటు కార్యాలయపు దస్త్రములు రుసుము లేకయే ఎవరైనను వెదకి చూచుటకు తెఱచియున్నవి. తొలి పరీక్షా నివేదికలో అధికారి యేమి వ్రాసెనో, దరఖాస్తుదారుడేమి బదులిచ్చెనో కూడ అక్కడనే చదువవచ్చును.